ప్యాంటు అంచున అరటిపండు వాసన

ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే ముందు కిటికీ ఊచను ఒకసారి పట్టుకుని వదలాలి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె ఇది అత్తవారింటి మొక్కేమో అనుకుంది. అత్తగారిని అడిగితే, "నాకేం తెలుసమ్మా, వీడు ఆ ఫ్యాక్టరీలో చేరిన దగ్గర్నుంచీ ఈ పిచ్చి పట్టింది" అని తప్పుకుంది. ఆమెకు ఏదైనా అంతు చిక్కకపోతే అన్నం సయించదు. ఆయననే పట్టుకుని అడిగింది. ఆయన కిటికీ తలుపులు మూసి గది చీకటి చేసి, తన చెల్లెలి నైలాన్ స్వెటర్ తెచ్చి, తొడుక్కుని విప్పమన్నాడు. విప్పుతుంటే చిటపటమంటూ చిన్న చిన్న మెరుపులు లేచాయి.

"చూశావా? ఇంత నిప్పు మనం ఒంటి మీద వేసుకుని తిరుగుతాం. ఇనుమును పట్టుకుంటే అది నేలలోకి దిగిపోతుంది. ఇంట్లో ఫరవాలేదులే. మా గోడౌన్లో అయితే ఇంత చాలు."

ఆ 'మా గోడౌన్' రంగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో వెనకవైపు విడిగా కట్టిన గది. రంగుల్లో కలిపే థిన్నర్లూ స్పిరిట్లూ అన్నీ అక్కడే ఉంటాయి, అన్నీ అగ్గిపుల్లకు చుట్టాలే. ఆ గదికి ఆయన స్టోర్‌కీపరు. ఇరవై రెండేళ్లప్పుడు డ్రమ్ములు దొర్లించే పనిలో చేరి, ముప్ఫై ఆరేళ్లు అక్కడే ఉన్నాడు. ఆయన పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. అందరికీ ముక్కాయన. చూస్తే అంత పెద్ద ముక్కేమీ కాదు, సగటు ముక్కే. చేరిన రెండో ఏడు లారీలోంచి నలభై డ్రమ్ములు దించుతుంటే, మూడోదాని దగ్గర ఆగి, "దీని మీద రాసిందొకటి, లోపలున్నది ఇంకొకటి" అన్నాడట. తెరిచి చూస్తే నిజమే. ఆనాటి నుంచి ఆ పేరు అతుక్కుపోయింది. పై ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే ఆయన ముక్కును కూడా ఒక యంత్రంలా చూపించేవారు. గోడౌన్ రిజిస్టర్లో 'వాసన' అని ఒక గడి ఉండేది. పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ లోపల ఒక చుట్టు తిరిగి వచ్చి అందులో 'లేదు' అని రాసి సంతకం చేసేవాడు.

ఆమె బట్టలు కుడుతుంది. ఆ రెండు వీధులకూ టైలరమ్మ. ఆయన యూనిఫారం కూడా ఆమే కుట్టేది. బట్ట నూలుది, దారం కూడా నూలుదే కావాలని ఆయన పట్టు. కుడుతూ కుడుతూ ఆమె గోడౌన్ గురించి అడుగుతుండేది. తను ఎన్నడూ చూడని ఆ గది ఆమెకు ఇంట్లో గదుల కన్నా బాగా తెలుసు. గడప జానెడు ఎత్తుంటుంది, లోపల ఏదైనా ఒలికితే బయటికి పారకుండా. నేల ఒక మూలకు వాలుగా ఉంటుంది, ఆ మూలన జాలీ కప్పిన గుంత. ద్వారం పక్కన గోడకు రాగి రేకు. లోపలికి వెళ్లే ప్రతివాడూ దాని మీద అరచెయ్యి పెట్టాలి. డ్రమ్ములోంచి డబ్బాలోకి పోసే ముందు రెంటినీ ఒక తీగతో కలపాలి. ఎందుకని అడిగితే, పారేటప్పుడు రాపిడికి కరెంటు పుడుతుందనీ, తీగ ఉంటే రెండూ ఒకటైపోయి ఒకదాని మీద ఒకటి ఎగరవనీ చెప్పాడు. "మనిద్దరికీ కూడా ఒకటి కట్టించాల్సింది" అంది ఆమె. రంగును గట్టిపరిచే మందును మాత్రం ఆవరణకు అవతల వేరే గదిలో పెడతారు. దానికీ ఈ డ్రమ్ములకూ తోడికోడళ్ల వరస, ఒక కప్పు కింద పొసగదు.

ఇద్దరికీ ఒక ఆట ఉండేది. ఫ్యాక్టరీ రెండు వీధుల అవతలే కాబట్టి యూనిఫారంతోనే ఇంటికి వచ్చేవాడు. చొక్కా విప్పి పెరటి గోడకున్న కొక్కేనికి తగిలిస్తే, ఆమె దాన్ని వాసన చూసి ఆ రోజు ఏ డ్రమ్ము తెరిచాడో చెప్పాలి. గుర్తులన్నీ ఆయన చెప్పినవే. కొత్తగా రంగు వేసిన తలుపు వాసన వస్తే టోలీన్. గోళ్ల రంగు తుడిచే సీసా అయితే ఎసిటోన్. సూది వేసే ముందు రాసే దూది అయితే స్పిరిట్. మగ్గిన అరటిపండు అయితే బ్యూటైల్ ఎసిటేట్. కొత్తల్లో పదికి నాలుగు చెప్పేది. తరవాత తరవాత పదికి తొమ్మిది. "నిన్ను తీసుకెళ్లి నా కుర్చీలో కూర్చోబెట్టి నేను ఇంట్లో జాకెట్లు కుట్టుకోవచ్చు" అనేవాడు ఆయన. "చేతుల కొలతలు తేడా వస్తే జనం మీ ముక్కు కోస్తారు" అనేది ఆమె.

రిటైరవడానికి నాలుగు నెలలుందనగా ఈ ఆట చెడింది.

వానల్లో ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన వచ్చి ఆయన తడిసి ముద్దయ్యాడు. మర్నాటికి జ్వరం. పది రోజులు మంచం దిగలేదు. తగ్గి పనిలోకి వెళ్లాడు గానీ మనిషి ఏదో తేడాగా ఉన్నాడు. ఒకరోజు ఆమె ముందు గదిలో మెషీను తొక్కుతుంటే పాలు మాడిన వాసన వచ్చింది. పరుగెత్తి వెళితే, ఆయన పొయ్యికి మూడడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. గిన్నె నల్లబడిపోయింది.

"చదువుతున్నానే, చూసుకోలేదు."

"దానికి చూడటం ఎందుకండీ" అంది ఆమె. ఆయన పేపరు మడిచి బయటికి వెళ్లిపోయాడు.

ఆమె మనసులో ముడి వేసుకుంది. ఆ సాయంత్రం చొక్కా వాసన చూసింది. టోలీన్, సందేహం లేదు. కావాలనే, "ఇవాళ స్పిరిట్ పట్టుకున్నారా?" అంది. "కరెక్టే" అన్నాడాయన. మర్నాడు ఎసిటోన్‌ను టోలీన్ అంది. "అంతే అంతే" అన్నాడు. పదికి పది వస్తుంటే ఆమెకు నవ్వు రాలేదు. మనిషి తనంత తాను చెప్పే దాకా ఆగుదామనుకుంది. జ్వరం తరవాత పోయిన రుచి తిరిగొచ్చినట్టు ఇదీ తిరిగొస్తుందని ఆయన ఎదురుచూస్తున్నాడని ఆమెకు అర్థమైంది. అలా ఆగడమే తను చేసిన తప్పు అని తరవాత చాలాసార్లు అనుకుంది.

ఒక ఆదివారం. సెలవైనా ఆయన పొద్దున వెళ్లి ఒక చుట్టు తిరిగి పదకొండింటికి వచ్చాడు. ఒక్క డ్రమ్ము కూడా తెరవలేదనీ, లెక్క చూసి వచ్చేశాననీ చెప్పి స్నానానికి వెళ్లాడు. ప్యాంటు కాలి అంచు దగ్గర కుట్టు ఊడింది. కుడదామని ఆమె ఒళ్లో వేసుకుంది. వంగి దారం తెంపబోతుంటే అరటిపండు గుప్పుమంది.

ఆమె ఆగింది. కొక్కేనికున్న చొక్కా తెచ్చి చూసింది. కాలరుకు లేదు, చేతులకు లేదు. ప్యాంటు నడుము దగ్గర లేదు, జేబుల దగ్గర లేదు. మోకాలి కింది నుంచి సన్నగా మొదలై అంచు దగ్గర ముక్కు అదిరేలా ఉంది. చేతిలోంచి ఒలికి మీద పడితే చుక్కలుగా ఒకచోట ఉండాలి. ఇది చుట్టూ సమంగా ఉంది, ఎవరో ఆయనను నిలబెట్టి కాళ్ల వరకూ ఆ వాసనలో ముంచినట్టు. రెండో కాలు చూసింది. అదీ అంతే. సుద్దముక్క తీసుకుని, వాసన అందడం మానేసిన చోట రెండు కాళ్ల మీదా గీత గీసింది. టేపు పెట్టి కొలిచింది. అంచు నుంచి తొమ్మిది అంగుళాలు. రెండో కాలికీ తొమ్మిదే.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి ప్యాంటు బల్ల మీద పరిచి ఉంది.

"ఏమండీ, చొక్కాకి ఏమీ లేదు. దీనికే ఉంది, అరటిపండు. అదీ కింద తొమ్మిది అంగుళాలే. అలా ఎందుకుంటుంది?"

అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి. తువ్వాలు భుజాన వేసుకుని మొదలుపెట్టాడు. "ఆ ఆవిరి గాలి కన్నా బరువు. పొగలా పైకి లేవదు. నీళ్లలా నేల మీద పాకుతూ పల్లం వెతుక్కుంటుంది. అందుకే మా గాలి కంతలు కింద పెడతాం, గోడ మొదట్లో. నిలబడ్డ మనిషికి ఏమీ తెలియకపోవచ్చు, పాదాలు మాత్రం..."

అక్కడ ఆగిపోయాడు. సుద్దగీత వంక చూశాడు. ప్యాంటు తీసి ముఖానికి అదిమి పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. దించి బల్ల మీద పెట్టాడు.

"నాకేం తెలియట్లేదే. జ్వరం దగ్గర్నుంచీ ఏమీ తెలియట్లేదు."

"తెలుసు" అంది ఆమె.

తరవాత ఆయన అంతా చెప్పాడు. రోజూ లోపల తిరుగుతున్నాడు, వంగి మరీ చూస్తున్నాడు, ఏమీ తగలకపోయేసరికి గడిలో 'లేదు' అని రాస్తున్నాడు. అది అబద్ధం కాదని తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడు. రెండేళ్ల కిందట గాలిలో ఆవిరిని పసిగట్టే గ్యాస్ మీటరు కంపెనీ కొని ఇస్తే, ముక్కుండగా ఇదెందుకని బీరువాలో పెట్టాడు. దాని పైనున్న ప్లాస్టిక్ పొర ఇంకా ఊడదీయలేదు. ఇప్పుడు అది బయటికి తీస్తే అందరూ ఎందుకని అడుగుతారు. చెబితే ఈ మిగిలిన నెలలూ గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు. ముప్ఫై ఆరేళ్లు ముక్కాయన అని పిలిచిన నోళ్లతోనే పాపం అంటారు.

ఆమె సూదిలో దారం తీసేసి పెట్టెలో పెట్టింది. "రేపు పొద్దున ముందు లోపలికి వెళ్లేది నిట్రాట. వాడి పిల్లల గౌన్లు నా మెషీను మీదున్నాయి. ఇంకా అంచులు కుట్టాలి."

నిట్రాట అని అందరూ పిలిచేది ఆరడుగుల పైనున్న లోడరును. ఆయన ఉతికిన యూనిఫారం అడిగి తీసుకున్నాడు. ఆమె కూడా నూలు చీర కట్టుకుని వెంట నడిచింది. ఆయన వద్దనలేదు.

గేటు దగ్గర నుంచి కబురు పెడితే మేనేజరమ్మ ఇంటి బట్టలతోనే స్కూటరు మీద వచ్చింది. ఆమెకు ఆయన కూతురయ్యే వయసుంటుంది. వెనక వీధిలో ఉండే నిట్రాట కూడా వచ్చాడు. దారిపొడవునా ఆయన ఎలా మొదలుపెట్టాలో గొణుక్కుంటూ వచ్చాడు గానీ, తీరా నోరు విప్పేసరికి నాలుగు మాటల్లో అయిపోయింది.

"మేడమ్, నా ముక్కు పోయింది. నెల కావస్తోంది. రిజిస్టర్లో నేను రాసింది నమ్మొద్దు. లోపల బ్యూటైల్ ఎసిటేట్ కారుతోంది."

మేనేజరమ్మ తెల్లబోయి చూసింది. ఆమె కన్నా ముందు నిట్రాట నోరు తెరిచాడు.

"నాకు వారం నుంచీ తగులుతోంది బాబాయ్. డ్రమ్ము దించడానికి వంగినప్పుడల్లా. నువ్వు ఏమీ అనట్లేదు కదా, నీకు రాని వాసన నాకెక్కడిది, నాదే భ్రమ అనుకున్నా."

"మొన్న రిజిస్టరు చూడటానికి వచ్చినప్పుడు నాకూ అనిపించింది" అంది మేనేజరమ్మ నెమ్మదిగా. "గడిలో లేదు అని ఉంది కదా అని వెళ్లిపోయాను."

టైలరమ్మ ఒకరి తరవాత ఒకరి ముఖం చూసింది. ముగ్గురు మనుషులు, మూడు ముక్కులు. పనిచేసే రెండూ పనిచేయని దాన్ని అడిగి ఊరుకున్నాయి.

ఫోన్లన్నీ గేటులో పెట్టేశారు. మేనేజరమ్మ ల్యాబులోని మీటరు తెచ్చింది. రాగి రేకు మీద చెయ్యి పెట్టి, గడప ఇవతలే నిలబడి, మీటరును తాడుతో పట్టుకుంది. ఛాతీ ఎత్తులో సున్నా. "చూశావా, సున్నా" అన్నాడు నిట్రాట ఆశగా. "నీ ఎత్తుకు రావాలంటే ఆ ఆవిరి నిచ్చెన వేసుకోవాలి. దించండి మేడమ్" అన్నాడాయన. మోకాలి దగ్గర నాలుగు. ఇంకా దించింది. నేలకు జానెడు పైన ఉండగానే మీటరు కూత పెట్టింది.

అందరూ గేటు వైపు నడిచారు. పరుగెత్తొద్దనీ, ఏ స్విచ్చూ వేయొద్దనీ, తీయొద్దనీ ఆయన చెబుతూనే ఉన్నాడు. గేటు దగ్గరికి వచ్చాక ఆయనకు ఒకటి అంతు పట్టలేదు. కారితే కారింది, గోడ మొదట్లోని ఫ్యాన్ రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంది. ఆవిరి నిలవడం ఎలా? దూరం నుంచే చుట్టు తిరిగి గోడౌన్ వెనక్కి వెళ్లాడు. మిగతావాళ్లు వెంట వెళ్లేసరికి పిచ్చిమొక్కల మధ్య నిలబడిపోయి ఉన్నాడు. గాలి లోపలికి వచ్చే కింది కంతలో మూడు ప్లాస్టిక్ గోతాలు కుక్కి ఉన్నాయి.

గాలివాన నాడు జల్లు లోపలికి కొడుతుంటే కుక్కింది ఆయనే. సాయంత్రం తీద్దామనుకున్నాడు. అంతలో జ్వరం. పది రోజుల మంచం ఆ గోతాలను ఆయన బుర్రలోంచి తుడిచేసింది. లోపలికి గాలి వచ్చే దారే లేకపోతే ఫ్యాన్ లాగడానికి ఏముంటుంది? ఆయనకు తల తీసేసినట్టయింది.

నిట్రాట ఒక్క అంగలో ముందుకెళ్లి గోతం కొస పట్టుకోబోయాడు.

"ఆగరా. ముట్టుకోకు."

ఆ గొంతు అంత కటువుగా రావడం టైలరమ్మ తన కాపురంలో ఎన్నడూ వినలేదు. నిట్రాట చెయ్యి గాలిలోనే ఆగింది.

"ప్లాస్టిక్కురా అది. ఎండిపోయి ఉంది. సర్రున లాగావంటే చిటపటమంటుంది, సరిగ్గా ఆవిరి మూతి దగ్గర. ముందు తడుపు. నీళ్లు పోస్తూ ఉండు, నానాక నేను చెప్పినప్పుడు మెల్లగా తియ్యి."

ఆమెకు చీకటి గదిలో నైలాన్ స్వెటర్ గుర్తొచ్చింది. రబ్బరు గొట్టం తెచ్చి సన్నగా నీళ్లు వదిలారు. గోతాలు నల్లగా నాని బరువెక్కాక ఒక్కొక్కటే చంటిపిల్లను దించినట్టు దించారు. మూడోది వచ్చేసరికి కంత దగ్గరున్న గడ్డిపోచలు లోపలి వైపుకు వాలాయి. గాలి వెళుతోంది.

రెండు గంటలు గేటు దగ్గర బల్ల మీద కూర్చున్నారు. మేనేజరమ్మే చివరికి, "బాబాయ్ ముక్కు పోయిందంటే నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు" అంది.

"ముక్కు పోయింది గానీ బుర్ర అక్కడే ఉందమ్మా" అంది టైలరమ్మ. "ఇందాక చూశావుగా."

మీటరు నేల మీద కూడా సున్నా చూపించాక లోపలికి వెళ్లారు. రెండో వరసలో ఒక డ్రమ్ము కింద, చెక్క పాలెట్లోంచి ఒక మేకు తల ఎత్తి ఉంది. సూదిమొన అంత చిల్లు. ఊపిరికి ఒక చుక్క చొప్పున కారి, చెక్కల కిందుగా, వాలు వెంట మూలనున్న గుంతలోకి పోయింది. నేల మీద మడుగు కట్టలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. తీగ తగిలించి, మిగిలింది వేరే డ్రమ్ములోకి మార్చారు. అన్ని పాలెట్లనూ తిరగేసి మేకులు చూడటానికి వారం పట్టింది.

ఆయనను గేటు దగ్గర కూర్చోబెట్టలేదు. మిగిలిన మూడు నెలలూ ఆయన బీరువాలోని మీటరుకు పొర ఊడదీసి, దాన్ని పట్టుకునే తిరిగాడు. దాన్ని వేలాడదీయడానికి టైలరమ్మ నూలు పట్టీ ఒకటి కుట్టి, ఛాతీ ఎత్తుకు పచ్చ దారం, మోకాలికి పసుపు, నేలకు ఎర్ర దారం వేసింది. కొందరు మాజీ ముక్కాయన అన్నారు. పాపం అన్నవాళ్లూ ఉన్నారు. అనుకున్నంత నొప్పి పెట్టలేదని ఆయన ఆమెతో అన్నాడు. రిజిస్టర్లో 'వాసన' గడిని గీతపెట్టి కొట్టేసి, 'మీటరు, నేల దగ్గర' అని రాశాడు. పక్కన ఇంకో గడి గీసి 'అనుమానం' అని పేరు పెట్టాడు. అందులో ఎవరైనా రాయొచ్చు, ఊడ్చేవాళ్లయినా సరే. మీటరు చెప్పే దాకా ఎవరూ నవ్వకూడదని షరతు. మొదటి వారం ఎవరూ రాయలేదు. తరవాత నిట్రాట వంకర అక్షరాలతో 'నాకేదో తగిలింది' అని రాశాడు. ఏమీ లేదు. అయినా ఆయన దాని కింద సంతకం చేసి, "శెభాష్" అన్నాడు.

ఆఖరి రోజున మేనేజరమ్మ టైలరమ్మను గోడౌన్ చూడటానికి పిలిచింది. నిట్రాట కూడా వెంట వచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా విన్న గదిలోకి ఆమె మొదటిసారి అడుగు పెట్టింది. రాగి రేకు మీద అరచెయ్యి ఉంచింది. ముప్ఫై ఆరేళ్లుగా ఆయన చెయ్యి తగిలి ఆ ముక్క మాత్రం అద్దంలా నిగనిగలాడుతోంది. జానెడు గడప దాటింది. ఆయన ఒక్కొక్కటీ చూపిస్తుంటే, అదా, ఇదా అని తను ఊహించుకున్నవాటి పక్కన పెట్టి చూసుకుంటోంది. గుంత మీది జాలీ చూద్దామని కిందికి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"ఏమండీ. అరటిపండు."

ఎవరూ నవ్వలేదు. ఎందుకని అడగలేదు. ఆయన చెయ్యెత్తాడు, అందరూ నడుచుకుంటూ బయటికి వచ్చేశారు. గడప ఇవతల నుంచి ఆయనే నూలు పట్టీ వదిలాడు. పచ్చ దారం దగ్గర సున్నా. పసుపు దగ్గర సున్నా. ఎరుపు దగ్గర సున్నా. లోపలికి వెళ్లి గుంత దగ్గరా మిగతా మూలల్లోనూ దించి చూశాడు. సున్నా, సున్నా, సున్నా. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. "వచ్చిందండీ, ఒట్టు" అంది.

అప్పుడు నిట్రాట గొంతు సవరించుకుని, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, నలిగి నల్లబడిన అరటిపండు ఒకటి బయటికి తీశాడు. మధ్యాహ్నం తిందామని పెట్టుకుని మరిచిపోయాడట. తిండి లోపలికి తేకూడదని తెలిసీ తెచ్చినందుకు మేనేజరమ్మ అందరి ముందూ చివాట్లు పెట్టింది. ఆయన మాత్రం రిజిస్టరు తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, చివరి పేజీలో చివరిసారి తీరిగ్గా రాశాడు.

ఆయన పోయాక టైలరమ్మ ఫ్యాక్టరీకి వెళ్లి అడిగి తెచ్చుకుంది ఆ పేజీ జెరాక్సు ఒక్కటే. కుట్టుమెషీను సొరుగులో, సుద్దముక్కల కింద మడిచి ఉంటుంది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు.

'అనుమానం: మా ఆవిడకు అరటిపండు వాసన. మీటరు, నేల దగ్గర: సున్నా. కారణం: అరటిపండు.'